పప్పు ఉడకని నీళ్లు

మొన్న తెనాలిలో పిల్లల సైన్స్ ప్రదర్శనకి నన్ను జడ్జిగా పిలిచారు. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి ఇలాంటి పిలుపులు ఏడాదికి ఒకటైనా వస్తాయి. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవడం నాకు అలవాటు. ఈసారి పిలిచినావిడ ఒకప్పుడు నాకు పాఠం చెప్పిన మేడమ్, కాదనలేకపోయాను. హాల్లో మూడో వరసలో పదమూడేళ్ల అమ్మాయి ఒకతె నిమ్మకాయలతో బల్బు వెలిగిస్తానని నిలబడి ఉంది. బల్బు వెలగలేదు. తీగలు పీకి మళ్లీ గుచ్చింది. అయినా వెలగలేదు. "ఇంటి దగ్గర వెలిగిందండి మేడమ్, నిజంగా వెలిగిందండి" అంది. నా పక్కనున్న జడ్జి గారు నవ్వి, "అందరికీ ఇంటి దగ్గరే వెలుగుద్దమ్మా" అంటూ కాగితం మీద ఏదో అంకె వేశారు. ఆయన చెడ్డమనిషేం కాదు. నాకు మాత్రం ఆ పిల్ల మొహం చూస్తూ అక్కడ నిలబడటం చేత కాలేదు. తలనొప్పి అని చెప్పి మధ్యలోనే వచ్చేశాను.

మా ఊరు, రేపల్లె దగ్గర నగరం అనే ఊరు దాటాక సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది. సముద్రం కనపడదు, వినపడదు, నీళ్లలో మాత్రం తెలుస్తుంది. ఒక పెరట్లో బావి తియ్యగా ఉంటే, నాలుగిళ్ల అవతల బావి ఉప్పుగా ఉండేది. అందుకని మా వైపు ఆడవాళ్లకి నీళ్ల మీద ఉన్నంత పట్టింపు నగల మీద కూడా ఉండేది కాదు. నీళ్లు మంచివో కావో వాళ్లు నోట్లో పోసుకుని చెప్పేవారు కాదు, కందిపప్పు వేసి చూసేవారు. మంచినీళ్లయితే పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఉప్పునీళ్లయితే పొయ్యిలోకి ఎన్ని కట్టెలు తోసినా గింజ గింజగానే ఉంటుంది. సంబంధం మాట్లాడటానికి వెళితే మా నాయనమ్మ అడిగే మొదటి ప్రశ్న పిల్లాడి చదువు గురించి కాదు, "మీ ఊళ్లో పప్పు ఉడుకుద్దా అండీ" అని. మా మేనత్తకి వచ్చిన ఒక సంబంధం ఆ జవాబు మీదే తప్పిపోయింది. పిల్లాడు బాగుండేవాడట. ఆ మాట ఎత్తితే మేనత్త ఇప్పటికీ నాయనమ్మని తిట్టిపోస్తుంది.

ఊరి మొదట్లో మంచినీళ్ల చెరువు. కాలువకి నీళ్లు వదిలినప్పుడు దాన్ని నింపుకుని ఏడాదంతా వాడుకునేవాళ్లం. మా ఇల్లు దాని పక్కనే, బస్సు ఆగే చోట. బడి ఊరి చివర. బడి గోడని ఆనుకుని నా స్నేహితురాలి ఇల్లు, ఆ పెరట్లో ఒక బావి. బళ్లో మధ్యాహ్న భోజనం వండేది నా స్నేహితురాలి అమ్మ. నేను ఆవిణ్ణి అత్తా అని పిలిచేదాన్ని. ఆ బావిలో నీళ్లే తోడి వండేది. బావి అప్పట్లో ఎంత మంచిదంటే, పప్పు పొయ్యి మీద పెట్టి పిల్లలచేత పళ్లేలు కడిగించేలోపు ఉడికిపోయేది. పదకొండు దాటితే చాలు, ఇంగువ తాలింపు వాసన కిటికీలోంచి వచ్చి లెక్కల క్లాసుని పాడుచేసేది. దోసకాయ పప్పు చేసిన రోజున మా లెక్కల మాస్టారు కూడా గంట ఇంకా కొట్టలేదేంటని రెండుసార్లు బయటికి తొంగిచూసేవారు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా పెదనాన్న బడి వెనకున్న నాలుగెకరాల వరిచేను తవ్వించి రొయ్యల చెరువు చేశాడు. ఊళ్లో అప్పటికే ఇద్దరు ముగ్గురు చేశారు. రొయ్యలకి ఉప్పునీళ్లు కావాలి. సముద్రం పోటు మురుగు కాలువలోకి ఎక్కినప్పుడు ఇంజన్లు పెట్టి ఆ నీళ్లు తోడి చెరువు నింపేవారు. రొయ్యల మేత బస్తాలు మా వసారాలో పేర్చి ఉండేవి. ఎండుచేపల వాసన వాటి ముందు ఎందుకూ పనికిరాదు. నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వాటి పక్కనుంచే దేవుడి గదిలోకి వెళ్లేది, వెళ్తూ పెదనాన్నని నాలుగు మాటలనేది, రొయ్యలు పట్టిన రోజున మాత్రం అందరికంటే ముందు పీట వేసుకునేది. పెదనాన్నకి పిల్లల్లేరు. ఆ ముద్దంతా నాకే జరిగేది. మోటార్‌సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని గట్టంతా తిప్పేవాడు. గట్టు మీద కాపలా ఉండేది నా స్నేహితురాలి నాన్న. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, "రాండి బాబాయిగారూ" అనేవాడు.

రెండు ఎండాకాలాలు గడిచేసరికి నా స్నేహితురాలి పెరటి బావి మారిపోయింది. ముందు ఎవరూ కనిపెట్టలేదు, పళ్లేల్లోకి వచ్చాకే తెలిసింది. పప్పులో గింజలు పంటికింద రాళ్లలా తగిలేవి. ఆ గింజని బొటనవేలి మీద పెట్టి చూపుడు వేలితో కొడితే నాలుగు వరసల అవతల కూర్చున్న పిల్ల మెడకి తగులుతుందని కనిపెట్టింది నేనే. దానికి పప్పు గోళీలని పేరు పెట్టింది కూడా నేనే. వారం తిరిగేసరికి బడంతా అదే ఆట, గోడల నిండా పసుపు మచ్చలు. నా స్నేహితురాలు మాత్రం ఆ ఆటకి వచ్చేది కాదు. పళ్లెంలో ఒక్క గింజ మిగల్చకుండా నమిలి మింగేది. నాకు అప్పుడు అది మొండితనంలా కనిపించింది.

తర్వాత పిల్లలకి కడుపునొప్పులు మొదలయ్యాయి. తల్లులు బడి మీదికొచ్చారు. ఆవిడకి ఒళ్లొంగడం లేదని, పప్పు సగంలోనే దించేసి కబుర్లు చెప్పుకుంటోందని అన్నారు. అత్త పొద్దున ఎనిమిదింటికే పొయ్యి ముట్టించడం మొదలుపెట్టింది. అయినా అంతే. ఎవరో చెప్పారని వంటసోడా వేసింది. పప్పు మెత్తబడింది కానీ సబ్బు వాసన కొట్టింది, దానికీ తిట్లే. మంచినీళ్ల చెరువు నుంచి డ్రమ్ముల బండి ఒకటి ఏర్పాటు చేయించండి సార్, ఈ నీళ్లు పాడైనయ్యి అని హెడ్మాస్టారిని అడిగింది. ఆయన వినలేదు.

"ఇన్నేళ్లూ ఇదే బావిలో ఉడికిన పప్పు ఇప్పుడెందుకు ఉడకదమ్మా? శ్రద్ధగా చెయ్యండి. చెయ్యలేనంటే చెప్పండి, ఇంకో మనిషిని చూసుకుంటాం" అన్నారు.

అత్త తల వంచుకుని "చేస్తానండి" అంది. ఆ మాట నేనూ, నా స్నేహితురాలూ తలుపు పక్క నిలబడి విన్నాం.

తెనాలిలో సైన్స్ ప్రదర్శన ఉందని, ఎవరైనా ఏదైనా చేస్తారా అని సైన్స్ సార్ క్లాసులో అడిగింది ఆ వారంలోనే. అందరం అగ్నిపర్వతమనీ, గాలిమర అనీ అంటుంటే నా స్నేహితురాలు లేచింది.

"పప్పు ఎందుకు ఉడకట్లేదో చేస్తానండి" అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అలవాటు కొద్దీ. సార్ నవ్వలేదు. "ఎలా చేస్తావ్?" అని అడిగారు. అది చెప్పింది. రెండు రకాల నీళ్లు, రెండు ఒకేలాంటి గిన్నెలు, ఒకే మంట, లెక్కపెట్టి వంద వంద గింజలు. సార్ తల ఊపి, "నీతో ఇంకొకళ్లుండాలి, ఎవరు కావాలి?" అన్నారు. అది నా వైపు చెయ్యి చూపించింది. నా చేతిరాత బాగుంటుందని, ఛార్టు బాగా వేస్తానని చెప్పింది. అసలు కారణం అది కాదని నాకు తెలుసు. ఒకటో తరగతి నుంచీ మేమిద్దరం ఒకే బల్ల.

బడి వెనక వరండాలో ప్రయోగాలు చేశాం. రెండు కిరసనాయిలు స్టవ్వులు సార్ తెచ్చారు. ఒత్తులు రెండిటికీ సమానంగా కత్తిరించింది నా స్నేహితురాలు. గింజలు అదే లెక్కపెట్టేది, విరిగిన గింజలు ఏరి పారేసేది. నేను గడియారం చూసి పుస్తకంలో రాసేదాన్ని, మధ్య మధ్యలో డబ్బాలోంచి పచ్చి పప్పు నోట్లో వేసుకునేదాన్ని. నాలుగుసార్లు చేశాం. నాలుగుసార్లూ ఒకటే జవాబు. మంచినీళ్ల చెరువు నీళ్లలో పప్పు ముప్పావుగంటకి మెత్తబడింది. బావి నీళ్లలో రెండు గంటలైనా గింజ గింజగానే ఉంది. నీళ్లలోకి ఉప్పు చేరితే దాంతోపాటు ఇంకా ఏమేం చేరతాయో, అవి పప్పుని ఎలా బిగించేస్తాయో సార్ బోర్డు మీద రాసి చెప్పారు. చెప్పి, సుద్దముక్క కింద పెట్టి, "ఇది మీ అమ్మ తప్పు కాదమ్మా, నీళ్ల తప్పు" అన్నారు. నా స్నేహితురాలు గోడ వైపు తిరిగిపోయింది. అంతకుముందు అది ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

హెడ్మాస్టారు మా పుస్తకం చూశారు కానీ నమ్మలేదు. తల్లి కోసం కూతురు చేసిన లెక్క అన్నారు. చివరికి సార్ పట్టుబడితే ఒక మాటిచ్చారు. "తెనాలిలో పెద్దవాళ్ల ముందు రుజువు కానివ్వండి. నేనూ వస్తాను. అక్కడ తేలితే నీళ్ల బండి నేనే పెట్టిస్తాను. తేలకపోతే మాత్రం వచ్చే నెల నుంచి వంటమనిషి మారాల్సిందే. తల్లిదండ్రులకి నేను జవాబు చెప్పుకోవాలి." బహుమతి సంగతి మాకు ఆ క్షణంలోనే గుర్తులేకుండా పోయింది.

ఛార్టు మీద ఊరి పటం వేశాను. మంచినీళ్ల చెరువు, ఇళ్లు, బడి, బావి, బావి వెనక రొయ్యల చెరువు. నీలం రంగు పెన్సిల్ అరిగిపోయేదాకా దిద్దాను. "చెరువు ఎవరిదో రాయొద్దమ్మా, చెరువని రాస్తే చాలు" అన్నారు సార్. బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆ ఛార్టు మా వసారాలో మేత బస్తాల మీద పరిచి ఉంది. పెదనాన్న భోజనానికి వచ్చి దాన్ని చూశాడు.

"ఏంటే అమ్మడూ, నా చెరువు మా బాగా వేశావు" అన్నాడు.

ఏం చేస్తున్నామో చెప్పాను. పూర్తిగా విన్నాడు. తర్వాత అన్నం తింటూ నాన్నతో అన్నాడు, "పైనుంచి అధికార్లొచ్చి చెరువులన్నీ చూసిపోతన్నారంట. పక్కూళ్లో రెండు చెరువులు పూడిపిచ్చారంట. మన పిల్లే మన చెరువు పూడిపిచ్చేట్టుంది రా" అని నవ్వి, తన కంచంలో పెద్ద రొయ్య తీసి నా కంచంలో వేశాడు. నాన్న నవ్వలేదు. అమ్మ మజ్జిగ పోస్తూ, "వాళ్ల గొడవల్లో నువ్వెందుకే" అని నెమ్మదిగా అంది. అంతకుమించి ఎవరూ ఒక్క మాట అనలేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇది నేను గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చాలా ఏళ్లు ఆ తప్పు మా ఇంట్లో వాళ్ల మీదికి తోసేసి ఊరుకుందామని చూశాను.

నీళ్ల సీసాలు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి, బస్సు అక్కడే ఎక్కాలి కాబట్టి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు. సాయంత్రమే నా స్నేహితురాలు తన చేతుల్తో పట్టి, చెరువు నీళ్ల సీసాకి తెల్లదారం, బావి నీళ్ల సీసాకి ఎర్రదారం కట్టి పెట్టి వెళ్లింది. పొద్దున్నే లేచి స్నానం చేశాను. జడలు వేయించుకున్నాను. అమ్మ పులిహోర కలుపుతోంది. సీసాలు తీసుకొస్తానని పెరట్లోకి వెళ్లాను. ఎర్రదారం సీసా మూత తీసి నీళ్లన్నీ కరివేపాకు చెట్టు మొదట్లో పోశాను. బిందెలో ఉన్న చెరువు నీళ్లు దాన్నిండా పట్టాను. జడ్జీలు ఆ పప్పు చూస్తే అధికారులొస్తారు, అధికారులొస్తే పెదనాన్న చెరువు పూడ్చేస్తారు, పెదనాన్న మొహం మాడిపోతుంది. నా లెక్క అంతే. అత్త సంగతి గుర్తులేదని చెబితే అబద్ధం. గుర్తుంది. గుర్తుండే చేశాను.

రేపల్లె దాకా బస్సు, అక్కణ్ణుంచి తెనాలి ప్యాసింజరు. హెడ్మాస్టారు, సైన్స్ సార్ ఎదురు బల్ల మీద కూర్చున్నారు. నా స్నేహితురాలు ఎర్రదారం సీసాని ఒళ్లో పెట్టుకుని, మూత మీద చెయ్యి వేసి కూర్చుంది. అత్త తురిమి పంపిన కనకాంబరాలు దాని జడలో ఉన్నాయి, ఇంకో మూర నాక్కూడా పంపింది. భట్టిప్రోలు దాటాక పులిహోర పొట్లం విప్పితే, "గెలిచాక తింటా" అంది. నేను తిన్నాను. చింతపండు పులుపుకి పళ్లు జివ్వుమన్నాయి.

తెనాలిలో ఆ బడి చాలా పెద్దది. ఒక్కో గదిలో పదేసి బల్లలు. థర్మాకోల్ కొండ మీంచి పొగ వచ్చే అగ్నిపర్వతం, మోటారుతో తిరిగే గాలిమర, బల్బులు వెలిగే ఆనకట్ట. మా పక్క బల్ల మీద టై కట్టుకున్న పిల్లలు ఇంగ్లీషులో బట్టీపట్టింది ఒకళ్లకొకళ్లు అప్పజెప్పుకుంటున్నారు. మా బల్ల మీద రెండు స్టవ్వులు, రెండు గిన్నెలు. కిరసనాయిలు కంపు కొడుతోందని ఎవరో వచ్చి మమ్మల్ని కిటికీ పక్కకి జరిపారు. నా స్నేహితురాలు అవేమీ పట్టించుకోలేదు. జడ్జీలు పక్క గదిలోకి వచ్చారని తెలియగానే స్టవ్వులు ముట్టించింది. గింజలు లెక్కపెట్టి పోసింది. మూతలు పెట్టింది.

"మధ్యలో ఒకసారి చూద్దామే" అన్నాను. అప్పుడే చూస్తే ఏదో ఒకటి సర్దుకోవచ్చని ఆశ పుట్టింది నాలో. ఎందుకో నాకే తెలియదు.

"వద్దు. వాళ్ల ముందే తియ్యాలి. లేకపోతే మనమేదో చేశామంటారు" అంది.

జడ్జీలు ఇద్దరు. తెల్లగడ్డం ఉన్న పెద్దాయన, కళ్లద్దాల మేడమ్. నా స్నేహితురాలు చెప్పడం మొదలుపెట్టింది. అంత బాగా అది ఎప్పుడూ మాట్లాడలేదు. ఊళ్లో ఆడవాళ్లు నీళ్లని పప్పుతో ఎలా చూస్తారో చెప్పింది, పెళ్లి సంబంధాల్లో మా నాయనమ్మ అడిగే ప్రశ్న చెప్పింది, పెద్దాయన హాయిగా నవ్వారు. నాలుగుసార్లు చేసిన లెక్కలు చూపించింది. పటం మీద బావి చూపించి, "ఈ నీళ్లతోనే మా అమ్మ బడికి వండుద్దండి" అంది. ఆ తర్వాత రెండు మూతలూ తీసింది.

పెద్దాయన ఒక గిన్నెలోంచి గింజ తీసి వేళ్ల మధ్య నొక్కారు. రెండో గిన్నెలోంచి తీసి నొక్కారు. మేడమ్‌కి చూపించారు.

"రెండూ మెత్తగానే ఉన్నాయి కదమ్మా."

నా స్నేహితురాలు వంగి చూసింది. ఎర్రదారం సీసా నీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టింది, కాలుతున్నా తియ్యలేదు. ఒక గింజ నలిపింది. ఇంకొకటి నలిపింది. "బళ్లో ఉడకలేదండి. నాలుగుసార్లు చేశామండి, ఒక్కసారి కూడా ఉడకలేదండి" అంది.

మేడమ్ నా వైపు తిరిగారు. "నువ్వూ ఉన్నావా అమ్మా చేసేటప్పుడు? నువ్వు చూశావా?"

సీసా మార్చినప్పుడు ఎవరూ నన్ను చూడలేదు. ఇప్పుడు అందరూ చూస్తున్నారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. పుస్తకంలో రాసిందంతా నా చేతిరాతే. "నేను సరిగ్గా చూడలేదండి" అన్నాను.

పెద్దాయన నా స్నేహితురాలి తల మీద చెయ్యి వేశారు. ఎంతో దయగా మాట్లాడారు. "బాధపడకూడదు తల్లీ. మనం అనుకున్నది తప్పని తేలితే ఒప్పుకోవాలి. అది కూడా సైన్సే" అన్నారు. మా వెనక నిలబడ్డ హెడ్మాస్టారు తల పంకించారు. సైన్స్ సార్ కిందకి వంగి స్టవ్వులు ఆర్పారు. ఒత్తులు పొగ చిమ్మాయి. పక్క బల్ల పిల్లలు ముక్కులు మూసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో సార్ ఒక్కసారి మాత్రం, "ఊరెళ్లాక మళ్లీ చేసి చూద్దామండి" అన్నారు.

"ఎన్నిసార్లు చేద్దాం మాస్టారూ? మనకి కావాల్సినట్టు వచ్చేదాకానా?" అన్నారు హెడ్మాస్టారు.

వాళ్లిద్దరూ కునుకు తీస్తుండగా నా స్నేహితురాలు ఎర్రదారం సీసా మూత తీసింది. అడుగున కొంచెం నీళ్లు మిగిలి ఉన్నాయి. ఒక గుక్క నోట్లో పోసుకుని చాలాసేపు మింగలేదు. మింగాక సీసా నా చేతిలో పెట్టింది.

"తాగు. తియ్యగానే ఉన్నాయి" అంది.

తాగాను. అది నా మొహంలోకి చూస్తోంది. తిట్టి ఉంటే బాగుండేది, జుట్టు పట్టుకుని లాగి ఉంటే ఇంకా బాగుండేది. వాళ్ల నాన్న మా పెదనాన్న చెరువు గట్టు మీద కాపలా ఉన్నాడన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు, దానికి మాత్రం తట్టే ఉంటుంది. సీసా తీసుకుని మూత బిగించింది.

నెల తిరక్కముందే బడి వంట ఇంకొకావిడకి ఇచ్చారు. వెళ్లేరోజు అత్త గిన్నెలన్నీ బూడిదతో తోమి, బోర్లించి, పొయ్యి అలికి మరీ వెళ్లింది. కొత్తావిడ కూడా అదే బావి నీళ్లతో వండింది, పప్పు కూడా అలాగే గింజలుగానే ఉంది. కొన్నాళ్లకి ఆవిడ గొడవపెట్టి మంచినీళ్ల చెరువు నుంచి డ్రమ్ముల బండి తెప్పించుకుంది. ఆవిడ మాట విన్నారు. అత్తని మళ్లీ రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు.

ఒకరోజు ఉండబట్టలేక పెదనాన్నకి చెప్పేశాను. చెరువు గట్టు మీద మోటార్‌సైకిల్ ఆపి ఉంది. సీసా మార్చాననీ, నీ చెరువు కోసమే మార్చాననీ చెప్పాను. ఏదో మెచ్చుకుంటాడనో, కనీసం దగ్గరికి తీసుకుంటాడనో అనుకున్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఎందుకే పిచ్చిదానా? పిల్లలు పప్పు ఉడకబెట్టి చూపిస్తే చెరువు పూడ్చేస్తారా ఎవరైనా? అన్నం తింటా ఏదో నవ్వులాటకన్నాను. నాకేం పోయేదే దాంతో" అన్నాడు. గట్టు అవతల కాపలా పాక వైపు చూశాడు. "పాపం, ఆ మనిషి నోటికాడ కూడు తీసేశావు కదే" అన్నాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు, వెళ్లి హెడ్మాస్టారితో మాట్లాడనూ లేదు. నేనూ అడగలేదు. ఆయన పట్ల నాకున్న ప్రేమ తగ్గలేదు, నా మీద నాకున్నదే పోయింది.

ఆ ఏడు పరీక్షలయ్యాక అత్తా వాళ్లు ఊరు వదిలి బాపట్ల వైపు వెళ్లిపోయారు. వెళ్లేదాకా నా స్నేహితురాలు బళ్లో నా బల్ల మీదే కూర్చునేది. రబ్బరు అడిగితే ఇచ్చేది, నోట్సు అడిగితే ఇచ్చేది. దానంతటది మాత్రం నన్ను ఏదీ అడగలేదు.

ఆరేళ్ల కిందట కాలేజీ వాళ్లమంతా ఒక ఆదివారం బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి వెళ్లాం. తిరిగి వస్తూ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో భోజనానికి ఆగాం. అన్నం వడ్డించే ఆవిడ నా దగ్గర ఆగిపోయింది. నేను గుర్తుపట్టేలోపే, "అమ్మాయీ, నువ్వేనా" అంటూ గడ్డం పట్టుకుంది. జుట్టు సగం నెరిసింది. పక్కవాళ్లని వదిలేసి నా దగ్గరే నిలబడి కబుర్లు మొదలుపెట్టింది. కూతురు గుంటూరులో నర్సు, ఇద్దరు పిల్లలు, అల్లుడు మంచివాడు.

"నీ మీద ఈగ వాలనియ్యదమ్మా అది ఇప్పటికీ" అంది అత్త. "ఆరోజు తెనాలిలో సీసాలు తనే తారుమారు చేసిందంట కదా. ఇక్కడికొచ్చాక ఎప్పుడో చెప్పింది. తొందర్లో చెరువు నీళ్లే రెండిట్లో పట్టేశానమ్మా, నా వల్లే నీ పని పోయిందని ఎంత ఏడ్చిందనుకున్నావు. పోనీలేవే, చిన్నపిల్లవి, తెలిసి చేస్తావా అన్నాను. మనసులో పెట్టుకుని చాన్నాళ్లు సరిగ్గా తిండి తిన్లేదమ్మా పిల్ల."

చెప్పాల్సిన మాట నా దగ్గర ఎన్నో ఏళ్లుగా సిద్ధంగా ఉంది. ఎన్నోసార్లు లోపల చెప్పుకుని సాధన చేసిన మాట. ఆవిడ గరిటె పట్టుకుని నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

"ఇంకొంచెం పప్పు వెయ్యత్తా" అన్నాను.

సంబరపడిపోయి రెండు గరిటెలు వేసింది. మొత్తం తిన్నాను. వచ్చేటప్పుడు కాళ్లకి దండం కూడా పెట్టాను.

ఇదంతా ఇవాళ ఇలా పూసగుచ్చినట్టు రాయగలిగానంటే అదేదో ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. అత్త దీన్ని చదవదు, ఆవిడకి చదువు రాదు. ఆవిడ కూతురికి వచ్చు.